సింథటిక్ పోశాక కారడం మొదలెట్టిన 2004 ఎస్టీమ్

బండి 2004 మోడల్ మారుతీ ఎస్టీమ్. 1298 సీసీ, పదహారు వాల్వుల ఎంపీఎఫ్‌ఐ పెట్రోల్ ఇంజిన్, కొత్తలో 85 హార్స్‌పవర్. మీటర్‌లో లక్షా నలభై వేలు దాటింది. మొదటి నుంచీ ఓనర్ ఒక్కరే, రిటైరైన లెక్కల మాస్టారు. ఇల్లు విజయవాడ పటమటలో. బండి మూడు కంప్లయింట్లతో వచ్చింది. ఫుల్ సింథటిక్ ఆయిల్ పోయించుకున్న నెలన్నరకి ఇంజిన్ కింద ఆయిల్ కారడం మొదలైంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు మినుకుమంటోంది. ఆయిల్ మట్టం చూపే గేజ్ కడ్డీ తీసి చూసినప్పుడల్లా మట్టం కాస్త దిగి ఉంటోంది.

మాస్టారు బండి దిగుతూనే తీర్పు చెప్పేశారు. "ఆ సింథటిక్కు నా సీళ్లన్నీ తినేసిందయ్యా. అది తీసి పారేసి మళ్లీ పాత ఆయిలే పోసెయ్."

"తీయడం ఎంతసేపు మాస్టారూ, అరగంట పని. పాతది పోస్తే కారడం ఆగుతుందని మాత్రం నేను గ్యారంటీ ఇవ్వలేను. ఒకసారి చూడనివ్వండి."

పాత బండికి సింథటిక్ పోస్తే సీళ్లు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు, పోతాయన్న మాట మా ఆటోనగర్‌లో ఎవర్నడిగినా చెబుతారు. కొత్త కుర్రాళ్లు యూట్యూబ్ చూసొచ్చి అదంతా అబద్ధం అంటారు. ఈ బండిలో రెండు వైపుల వాళ్లకీ సగం సగం నిజం దొరుకుతుంది. అందుకే దీని సంగతి వివరంగా రాస్తున్నాను.

జరిగింది ఇదీ. మాస్టారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ తన కారుకి సింథటిక్కే వాడతాడు కాబట్టి నాన్నకీ అదే వేయించుకోమని చెప్పాడు. అందులో తప్పేం లేదు. ఇక్కడ ఒక షాపు వాళ్లు అడిగిందే తడవుగా 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ పోశారు. అంతకు ముందు ఇరవై ఏళ్లూ ఆ ఇంజిన్ తాగింది 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్, అంటే ముడి చమురు నుంచి తీసిన మామూలు రకం. అంటే ఒకే రోజు రెండు మార్పులు జరిగాయి. మినరల్ పోయి సింథటిక్ వచ్చింది, చిక్కటి గ్రేడు పోయి పల్చటిది వచ్చింది. మాస్టారు తిట్టేది మొదటి మార్పుని. నాకు అనుమానం రెండోదాని మీద.

ముందు ఇంజిన్ ఊపిరి చూశాను

కారే బండి రాగానే చాలామంది సీళ్ల మీద పడతారు. నేను ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ పోసే మూత తీస్తాను. ఈ బండికి మూత వదులు చేయగానే లోపలి నుంచి బుస్సుమని గాలి తన్నింది. కాస్త రేస్ చేస్తే గేజ్ కూడా దాని గొట్టంలోంచి పైకి లేచింది. చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగంలో, గాలి బిగబట్టి ఉందన్నమాట.

ప్రతి ఇంజిన్‌లోనూ పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ కిందికి దిగుతుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి లాగేసుకోవడానికి పీసీవీ వాల్వ్ అని చిన్నది ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల టకటకమని ఆడాలి. ఈ బండిది చప్పుడే చేయలేదు. లోపల తారులాంటి మడ్డి గట్టిపడి వాల్వ్ కదలకుండా పట్టేసింది. దాని హోస్ పైపు కూడా సగానికి పైగా పూడుకుపోయింది. గ్యాస్ బయటికి పోయే దారి లేకపోతే చాంబర్‌లో ప్రెషర్ పెరుగుతుంది. ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. మూడు కంప్లయింట్లలో ఒకదానికి సగం సమాధానం అక్కడే దొరికింది. ఆ వాల్వ్ ఖరీదు ఏపాటి? ఇరవై ఏళ్లలో దాన్ని ఎవరూ తాకిన గుర్తులు కూడా లేవు.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూశాను. ఈ సుజుకీ ఇంజిన్‌కి కొత్తలో చదరపు సెంటీమీటరుకి 14 కేజీలు ఉండాలి. 12 కిందికి దిగితే పని పడినట్టే. సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య తేడా ఒక కేజీ దాటకూడదు. నాలుగింటికీ గేజ్ పెడితే 12.4కీ 12.9కీ మధ్య వచ్చాయి. వయసుకి మర్యాదగానే ఉన్నాయి. రింగులు, బోరు ఇంకా కొన్నాళ్లు లాక్కొస్తాయి. ఒకవేళ ఇక్కడ తొమ్మిదో పదో వచ్చి ఉంటే ఆయిల్ గురించి మాటలే అనవసరం, నేరుగా ఇంజిన్ పని గురించి మాట్లాడుకోవాలి.

ఆయిల్ లైటు సంగతి తేల్చడానికి దాని స్విచ్ ఊడదీసి, ఆ రంధ్రంలో మెకానికల్ ప్రెషర్ గేజ్ బిగించాను. లైటుని నమ్మి ఇంజిన్ విప్పకూడదు, స్విచ్చే పోయి ఉండొచ్చు. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజిన్ వేడెక్కనిచ్చి చూస్తే 3000 ఆర్‌పీఎం దగ్గర ముల్లు మూడు కేజీల మీద నిలబడింది. ఈ ఇంజిన్‌కి అది కింది హద్దు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా, ఏసీ వేస్తే ముల్లు బాగా కిందికి వాలిపోయింది. బేరింగులు కొంత అరిగాయి, ఆయిల్ పల్చబడింది, రెండూ కలిసి లైటుని మినుకుమనిపిస్తున్నాయి. స్విచ్ తప్పేం లేదు.

గ్రేడు అంటే ఏమిటో ఒక్క మాట

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే ముందున్న 5డబ్ల్యూ చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న 30 ఇంజిన్ వేడి మీద ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ఈ గ్రేడులు నిర్ణయించే ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ లెక్కలో 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. విజయవాడలో మైనస్ సంగతి ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే అరకి మాత్రమే తెలుసు. కాబట్టి ముందు అంకె మనకి అక్కర్లేదు అనేవాళ్లున్నారు. అది పూర్తిగా నిజం కాదు. ఆయిల్ కంపెనీ ఇచ్చే డేటా షీటు చూడండి. 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 చిక్కదనం సుమారు 150 సెంటీస్టోక్స్ పైన ఉంటుంది, 5డబ్ల్యూ-40ది అందులో దాదాపు సగం. మన పొద్దుటి వేళల్లో కూడా పల్చటి ఆయిల్ ఇంజిన్ పైభాగమైన హెడ్ మీదికి త్వరగా ఎక్కుతుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగేది సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణాల్లోనే.

వెనక అంకె విషయం వేరు. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటుంది, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు. అంటే 50కి అలవాటు పడ్డ అరిగిన బేరింగుల్లోకి ఒక్కసారిగా 30 వచ్చి పడింది. ఇది సింథటిక్ చేసిన పాపం కాదు. మినరల్‌లోనే ఇంత పల్చటిది పోసినా లైటు ఇలాగే మినుకుమనేది. ఫుల్ సింథటిక్ అనగానే 5డబ్ల్యూ-30 తీసి పోసేయడం ఇప్పుడు షాపుల్లో ఒక అలవాటైపోయింది. కొత్త బండ్లకి అది సరిగ్గా సరిపోతుంది, చాలా కంపెనీలు దానికంటే పల్చటివే చెబుతున్నాయి. ఎస్టీమ్‌లు కొత్తగా తిరిగిన రోజుల్లో మన దగ్గర అందరూ పోసింది 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50.

ఫిల్టర్ కోసి చూస్తే

ఆయిల్ దించి, ఫిల్టర్ ఊడదీసి, డబ్బాని చుట్టూ కోశాను. హ్యాక్‌సా బ్లేడు వాడితే ఇనుప రజను లోపల పడి మనల్నే మోసం చేస్తుంది, అందుకే ఫిల్టర్ కట్టర్ వాడాలి. లోపలి కాగితాన్ని విప్పి, పిండి, తెల్లటి ట్రే మీద పరిచాను. మడతల మధ్య నల్లటి పొలుసులు కనిపించాయి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా చిట్లాయి. అంటే కార్బన్. అయస్కాంతం తిప్పితే ఏమీ అంటుకోలేదు. ట్రేని ఎండలో పెట్టి వాలుగా చూస్తే బేరింగు పొర మెరుపు కూడా లేదు. నాకు పెద్ద టెన్షన్ తీరింది అక్కడే. మెరుపు కనిపించి ఉంటే మాస్టారికి చెప్పాల్సిన మాట వేరేగా ఉండేది.

ఆ పొలుసులు ఇరవై ఏళ్ల మడ్డి. హెడ్ మీది ట్యాపెట్ కవర్ విప్పితే లోపలంతా ముదురు గోధుమ రంగు పూత, మూలల్లో పేరుకున్న జిగురు. మాస్టారి బండి తిరుగుడు తక్కువ. రైతు బజారు, గుడి, బ్యాంకు, ఎప్పుడైనా మచిలీపట్నం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతే లోపలి తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోవు, ఆయిల్‌లోనే ఉండి మడ్డిగా మారతాయి. దాని మీద మే నెల ఎండ. మినరల్ ఆయిల్ వేడికి త్వరగా ముదిరిపోతుంది. కొత్తగా పోసిన ఆయిల్‌లోని డిటర్జెంట్లు ఆ మడ్డిని కొద్దికొద్దిగా విప్పడం మొదలెట్టాయి. అది మంచి పనే. అయితే విప్పింది ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఫిల్టర్‌లోకి వస్తే అదృష్టం, చాంబర్ అడుగున పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్ సీజ్ అవుతుంది. పాత బండ్లకి ఫ్లష్ సీసాలు పోసి పది నిమిషాలు స్లోలో నడపడం అందుకే నాకు ఇష్టం ఉండదు.

సీళ్ల సంగతి

సింథటిక్ సీళ్లని పాడుచేస్తుందన్న మాటకి పునాది లేకపోలేదు. అమెరికాలో కార్ల కోసం సింథటిక్ ఆయిళ్లు 1970లలో బజారుకొచ్చాయి. మొబిల్ వన్ అక్కడ అమ్మకానికి వచ్చింది 1974లో. పీఏఓ అనే రకం ఆయిల్ ఒక్కటే అయితే రబ్బరు కొంచెం కుంచించుకుపోయే గుణం ఉంది, ఎస్టర్ రకానికి ఉబ్బించే గుణం ఉంది. మొదట్లో వీటి పాళ్లు కుదరక కొన్ని బండ్లు కారాయి. తర్వాత రెండూ కలిపి, సీళ్లు సరిగ్గా ఉండేలా మందులు చేర్చి దాన్ని సర్దారు. ఇప్పుడు బజార్లో ఫుల్ సింథటిక్ పేరుతో దొరికే చాలా డబ్బాల్లో ఉన్నది గ్రూప్ త్రీ ఆయిల్. అంటే భూమిలోంచి తీసిన ముడి చమురునే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసింది. దాన్ని సింథటిక్ అని అమ్మొచ్చా అన్న గొడవ మొబిల్‌కీ క్యాస్ట్రాల్‌కీ మధ్య నడిచి, 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్ వైపు చెప్పింది. దాని పుట్టుకే ముడి చమురు కాబట్టి రబ్బరుకి అది కొత్త శత్రువేం కాదు.

మరి మాస్టారి బండి ఎందుకు కారింది? క్యామ్‌షాఫ్ట్ చుట్టూ ఉండే పాత క్యామ్ సీలు తీసి ఆయన చేతిలో పెట్టాను. కొత్త సీలు పెదవి వేలితో నొక్కితే మెత్తగా వంగి మళ్లీ లేస్తుంది. ఇది ఎండకి వదిలేసిన హవాయి చెప్పులా గట్టిపడి, వంచితే అంచున పగుళ్లు ఇచ్చింది. ఆ పగుళ్లలో మడ్డి కూరుకుని ఉన్నంతకాలం, పైన చిక్కటి ఆయిల్ ఉన్నంతకాలం అది కారలేదు. మడ్డి కడిగేసి, పల్చటి ఆయిల్ పోసి, వెనక నుంచి చాంబర్ ప్రెషర్ తోస్తే ఇక ఏం ఆపుతుంది?

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇది ఎప్పుడో పోయిందన్నమాట. తెలియనివ్వలేదంతే" అన్నారు.

చేసిన పని

ఎక్కడెక్కడ కారుతోందో చూడటానికి ఇంజిన్‌ని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, బండిని ఒక రౌండు తిప్పుకొచ్చాం. పౌడర్ తడిసి నల్లబడ్డ చోటే లీకేజీ. క్యామ్ సీలు, ముందు వైపు క్రాంక్ సీలు, డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగు, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దొరికాయి. వెనక క్రాంక్ సీలు దగ్గర చెమ్మ మాత్రం ఉంది, చుక్క లేదు.

ముందు సీళ్లు టైమింగ్ బెల్ట్ వెనక ఉంటాయి. ఆయిల్ బెల్ట్ మీద పడి దాని అంచు ఉబ్బి ఉంది. బెల్ట్ తెగితే బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. ఎలాగూ విప్పాం కాబట్టి బెల్ట్, టెన్షనర్ కొత్తవి వేశాం. చాంబర్ దించి, జాలీ కడిగాం. జాలీ మూడో వంతు పూడుకుని ఉంది. పీసీవీ వాల్వ్, హోస్ కొత్తవి పెట్టాం. వెనక సీలు జోలికి పోలేదు. దానికి గేర్‌బాక్స్ దించాలి, ఆ లేబర్ ఊరికే పెట్టించడం నాకు నచ్చలేదు. క్లచ్ ప్లేటు మార్చే రోజున అదీ మారుద్దాం అని బిల్లు మీద రాసిచ్చాను.

వెంటనే సింథటిక్ పోయలేదు. హెడ్‌లో ఇంకా మడ్డి మిగిలే ఉంది. ముందు మినరల్, సింథటిక్ కలిపిన 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ పోసి, వెయ్యి కి.మీ. తిప్పి రమ్మన్నాను. ఫ్లష్ చేసేంత దూకుడు లేకుండా అది నెమ్మదిగా కడుగుతుంది. వచ్చాక ఆ ఆయిల్, ఫిల్టర్ తీసేశాం. ఈసారి ఫిల్టర్ కోస్తే పొలుసులు అక్కడక్కడా ఉన్నాయి, మొదటిసారి అంత లేవు. అప్పుడు 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ పోశాం. ఈ ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి మూడున్నర లీటర్ల డబ్బా సరిపోతుంది. పోసేటప్పుడు డబ్బాలో కొంచెం మిగిల్చి, గేజ్ చూసుకుని పోయాలి. నిండుగా పోసేసి ఫుల్ గీత దాటిస్తే అది కూడా కారడానికి కారణమే.

40 ఎందుకంటే వేడి మీద ప్రెషర్ నిలబడాలి. 5డబ్ల్యూ ఎందుకంటే పొద్దున్నే హెడ్‌కి ఆయిల్ త్వరగా అందాలి. నన్నడిగితే మాస్టారి తిరుగుడికి 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ దగ్గరే ఆగిపోయేవాణ్ని, ఆ మాట ఆయనకీ చెప్పాను. ఫుల్ సింథటిక్ ధర మినరల్‌కి రెండింతల పైనే. ఏడాదికి నాలుగైదు వేల కి.మీ. తిరిగే బండికి ఆ డబ్బు పూర్తిగా తిరిగి రాదు. ఆయన లెక్కల మాస్టారే, లెక్క అర్థమైంది. అయినా అబ్బాయి అడుగుతాడు కదా అని ఫుల్ సింథటిక్కే పోయమన్నారు.

డబ్బా కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పేరున్న బ్రాండ్ల ఖాళీ డబ్బాల్లో నకిలీ ఆయిల్ నింపి అమ్మడం మన దగ్గర కొత్తేం కాదు. మేము పాత డబ్బా పడేసే ముందు కోసి పడేస్తాం. ఆయిల్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ బిల్లు లేకుండా సగం ధరకి సింథటిక్ ఇస్తామంటే దానికంటే ఒరిజినల్ మినరల్ వంద రెట్లు నయం.

తర్వాత ఎలా ఉంది

వేడి మీద 3000 ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్ మూడున్నర కేజీల పైకి వచ్చింది. వేసవిలో ఏసీతో సిగ్నల్ దగ్గర నిలబెట్టినా లైటు వెలగలేదు. రాత్రంతా ఇంజిన్ కింద అట్టముక్క పరిచి ఉంచితే గేర్‌బాక్స్ అతుకు దగ్గర ఒక్క మరక తప్ప పొడిగా ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే వచ్చే ట్యాపెట్ల చప్పుడు 20డబ్ల్యూ-50 రోజుల కంటే త్వరగా సద్దుమణుగుతోందని మాస్టారే చెప్పారు. గేజ్ మట్టం రెండు గీతల మధ్య నిలకడగా ఉంటోంది. సగం లీటరు చొప్పున పోస్తూ ఉండాల్సిన అవసరం పోయింది.

మైలేజీ పెరిగిందా అని అందరూ అడుగుతారు. పెరగలేదు, కనీసం కొలిచి చెప్పేంత లేదు. పికప్ కూడా అంతే. సింథటిక్ పోశాక బండి తేలిగ్గా పోతోందని చెప్పేవాళ్లలో చాలామంది అదే రోజు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు కూడా మార్చి ఉంటారు.

రెండు వేల కి.మీ.కే ఆయిల్ నల్లబడిందని మాస్టారు కంగారుగా ఫోన్ చేశారు. లోపల మిగిలిన మడ్డిని కడుగుతున్న ఆయిల్ నల్లగానే ఉంటుంది, అది దాని పని. మార్చే గడువు మాత్రం నేను పెంచలేదు. డబ్బా మీద పది వేలు, పదిహేను వేలు అని రాసి ఉన్నా, ఈ బండికి ఐదు వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. తక్కువ దూరాలు తిరిగే బండిలో ఆయిల్‌ని పాడుచేసేవి తేమ, పెట్రోలు. అవి మినరల్ అయినా సింథటిక్ అయినా ఒకేలా చేరతాయి.

ఈ బండి చూసి మాస్టారి తమ్ముడు తన మారుతీ 800 తీసుకొచ్చి, దీనికీ అదే పోయమన్నారు. స్టార్ట్ చేసి రేస్ ఇస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ. యాక్సిలరేటర్ నొక్కి ఉంచినంతసేపూ వస్తూనే ఉంది. కంప్రెషన్ గేజ్ ఒక సిలిండర్‌లో ఎనిమిది కేజీల దగ్గరే ఆగిపోయింది. ప్లగ్ రంధ్రంలోంచి కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే పదిన్నరకి లేచింది, అంటే పోయింది రింగులే. అందులో ఫుల్ సింథటిక్ పోస్తే ఖరీదైన పొగ వస్తుంది, అంతే. రింగుల పని చేయించేదాకా 20డబ్ల్యూ-50 మినరల్ వాడుకోమని, వారం వారం గేజ్ చూసుకోమని చెప్పి పంపాను.